పూల పడవకు కన్నాలు

ఊళ్లో అందరూ ఆమెను మార్కులక్క అంటారు. సముద్రానికి మార్కులేసే ఉద్యోగం కదా, ఆ పేరు అంటుకుపోయింది. జనం ఎక్కడ నిలబడి సముద్రాన్ని చూస్తారో అక్కడే తనూ నిలబడి, కంటికి కనిపించినదానికి, చెవికి వినిపించినదానికి, ముక్కుకు తగిలినదానికి మార్కులు వేయడం తీరం ఆఫీసులో ఆమె పని. ఇసుకకు, రాళ్లకు, నీటి రంగుకు కలుపుతుంది. చెత్తకు, దుర్వాసనకు కోస్తుంది. మనుషులు కట్టినవాటికి ఆఫీసులో రెండే మాటలు. తీరానికి నప్పితే జాడ, నప్పకపోతే మచ్చ. మచ్చ అని పడిందంటే దాన్ని పీకించవచ్చు. ఆమె సంతకం పడ్డాక ఆ మార్కులు ఏడాదిపాటు చెల్లుతాయి.

కోపం ఆమెకు కొత్తేమీ కాదు. వదిన ముచ్చటపడి కర్టెన్లు కట్టి ఎలా ఉన్నాయని అడిగితే, "కళ్లు మూసుకుని చూస్తే బాగున్నాయి" అన్న మనిషి. అయితే ఆ సోమవారం ఆఫీసర్ గదిలోంచి బయటికి వచ్చినప్పుడు ఆమె గోడ అదిరేలా తలుపు వేసింది.

"తీరం వంపు చివర ఉన్న పడవల షెడ్డును ఈసారి మచ్చ కింద వెయ్యండమ్మా" అన్నాడాయన లోపల.

ఆ షెడ్డు ఆమె అన్నది. పాత పడవలు బాగుచేస్తాడు.

"పోయిన ఏడు జాడే కదా సార్. షెడ్డు ఉన్నచోటే ఉంది. మచ్చ ఎప్పుడయింది?"

"టూరిస్టులొస్తున్నారు. తారు కంపు, సుత్తి మోత ఎవరిక్కావాలి? పడవ ఉండాలమ్మా, పడవ పని ఉండకూడదు. షెడ్డు తీసేసి, ఓ పాత పడవకు రంగులేసి, పూలమొక్కలు పెడదాం. ఫొటోలకు బాగుంటుంది." నవ్వాడు. "మీ అన్నగారిది కాబట్టి మీ కంటికి అందంగా ఉందేమో."

ఆ చివరి మాట ముల్లులా దిగబడింది. ఎందుకంటే అందులో రవ్వంత నిజముంది. షెడ్డు జాడేనన్న విషయంలో ఆమెకు అనుమానం లేదు. కానీ తారు వాసనకు ఏనాడూ ఒక్క మార్కు కోయలేదు. పుట్టినప్పటి నుంచి పీల్చిన వాసన, తన ముక్కుకు ఆనదని సర్దిచెప్పుకుంది. ఆయన మీద వచ్చిన కోపంలో సగం తన మీదకే మళ్లింది. దాంతో ఆయన మీద ఇంకా ఒళ్లు మండింది.

మర్నాడు ఆఫీసర్ కూడా ఆమె వెంట వచ్చాడు. షెడ్డులో అన్న ఒక పడవను బోర్లించి, నీళ్లు దూరకుండా పలకల సందుల్లో సుత్తితో నార కుక్కుతున్నాడు. పక్కన పొయ్యి మీద తారు ఉడుకుతోంది.

"మేస్త్రీ, ఈ పడవ భలే ఉంది. మాకిచ్చెయ్" అన్నాడు ఆఫీసర్.

"వేటకెళ్తారా సార్?"

"వేట కాదయ్యా, పూలమొక్కలకు. మట్టి నింపుతాం. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి కదా, అడుగున నాలుగైదు కన్నాలు పెట్టివ్వు చాలు."

అన్న చేతిలో సుత్తి ఆగిపోయింది. "ఏం పెట్టివ్వాలి?"

"కన్నాలు."

అన్న ఆఫీసర్‌ను చూడలేదు. చెల్లెలి వైపు చూశాడు. "ఏమే, ఈయనగారిని నా దగ్గరకు తెచ్చింది నువ్వేనా?"

"నోర్మూసుకో అన్నయ్యా" అంది ఆమె. ఆఫీసర్ వైపు తిరిగింది. "పడవలో కన్నం పెట్టమని మా అన్నయ్యని అడుగుతారా? సిగ్గుగా లేదూ? మీ కూతురి పెళ్లి బట్టలు కుట్టే దర్జీ దగ్గరకెళ్లి, చింపివ్వు అని అడగండి చూద్దాం!"

"నేను మర్యాదగా..."

"మీ మర్యాద మీ గదిలో చూశాను సార్. మచ్చ కింద వెయ్యమన్నారుగా? వేస్తాను, చూడండి."

బోర్లించిన పడవ మీదే కాగితం పరిచింది. ఇసుక, రాళ్లు, నీరు, వరసగా వేసుకుంటూ వచ్చింది. షెడ్డు దగ్గర జాడ అని, కాగితం చిరిగేంత గట్టిగా రాసింది. దుర్వాసన దగ్గర కలం ఆగింది. గట్టిగా ఊపిరి పీల్చింది. తారు గొంతుదాకా మండింది. నాలుగు మార్కులు కోసి, సంతకం చేసి ఇచ్చింది.

ఆఫీసర్ చదివాడు. ముఖం ఎర్రబడింది. "వచ్చే ఏడు ఇంకొకర్ని పంపిస్తాను."

"పంపండి. వాళ్లూ ఇక్కడికే వచ్చి నిలబడాలి."

ఆయన బూట్లలో దూరిన ఇసుకను దులుపుకోకుండానే వెళ్లిపోయాడు.

అన్న మళ్లీ నార అందుకున్నాడు. "షెడ్డుంటుందా?"

"ఈ ఏడాదికి ఉంటుంది."

"మరి గట్టిగా ఊపిరి పీల్చి ఏదో కోశావు?"

"నీ తారు వాసనకి. నాలుగు."

"నాలుగా! చేపల బజారుకెంత కోశావే?"

"మూడు."

"చేపలకంటే నా తారు కంపా? సొంత చెల్లెలివై ఉండి..."

"కంపే! తల పగిలిపోతోంది. ఇన్నేళ్లూ పోనీలే అని ఊరుకున్నాను. దానికే కదా నిన్న అంత మాట పడ్డాను!"

 అన్న గరిటెతో తారు కలిపి, ఆవిరికి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అయితే గాలికి అటుపక్క నిలబడు" అన్నాడు.

ఆమె కదల్లేదు.