అస్తరు లోపలి ముడి

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. బాన్సువాడ ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లను నిలబెట్టి, అది ఎలా పనిచేస్తుందో చెప్పమని ఏడిపించిన రోజులు కూడా ఉన్నాయి. అలాంటి నేను ఇది రాయడం నాకే నామోషీగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఎనభైల నడుమ మాట. అంతకు మూడేళ్ల ముందు మా అక్క విమల పోయింది. అక్కను మద్నూర్‌లో ఇచ్చారు. రొమ్ములో గడ్డ. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. పుండై వాసన వచ్చేదాకా బావకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మగ డాక్టరుకు చూపించాలంటే సిగ్గు. పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైందన్నారు. అక్క పోయినందుకు ఎంత ఏడ్చానో, చెప్పనందుకు అంత కోపం వచ్చింది. ఆ కోపం చాన్నాళ్లు పోలేదు.

బస్టాండు వెనక సందులో మహమూదా ఆపా ఇంట్లోనే మిషన్ పెట్టుకుని ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. టేపు ముట్టేది కాదు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తే, దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరించేది. ఎప్పుడూ వచ్చేవాళ్ల ఆది జాకెట్లు ఆమె పెట్టెలోనే ఉండేవి. అక్క కూడా పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆమె దగ్గరే కుట్టించుకునేది.

ఆ ఏడు నేను రెండు వాయిల్ గుడ్డలిచ్చాను, ఒకటి మెరూన్, ఒకటి ఆకుపచ్చ. పలచగా ఉన్నాయని లోపలివైపు అస్తరు గుడ్డ వేయమన్నాను. మెరూన్‌ది తొడుక్కుని బడికి పోయిన రోజు ఎడమ పక్క, చంక కిందికి, ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి అస్తరు కుట్టు విప్పి చూస్తే, రెండు గుడ్డల మధ్య తెల్ల దారంతో వేసిన ముడి. జొన్న గింజంత ఉంది. మెరూన్ గుడ్డలో తెల్ల దారమేమిటి, ఆపాకు చూపు మందగించినట్టుంది అనుకుని కత్తిరించి పారేశాను.

వారం తర్వాత ఆకుపచ్చది వేసుకున్నాను. అదే చోట గుచ్చుకుంది.

ఇక ఊరుకోలేదు. బడి వదలగానే ఇంటికి పోయి మార్చుకుని, ఆ జాకెట్టు పట్టుకెళ్లి ఆపా ముందు పడేశాను.

"ఆపా, గిదేంది? లోపల ముడులు పెట్టి కుడుతున్నవా ఏంది?"

ఆపా అద్దాలు పెట్టుకుంది. మిషన్ కుట్టు ఎక్కడా తెగలేదని ఇద్దరం చూశాం. తర్వాత నా ఎదుటే అస్తరు విప్పింది. లోపల తెల్ల ముడి. ఆపా దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నా చెయ్యి గాదు టీచరమ్మా. నేను రెండు చుట్లేసి ముడేస్త. గిది మూడు చుట్లున్నది. అల్లా కసమ్, నేనెయ్యలే."

మూడు చుట్ల ముడి మా అమ్మ నేర్పింది. అమ్మ పోయాక అది వేసేది ఇద్దరమే, అక్క, నేను.

ఏ ఆది చూసి కుట్టావో తీయమన్నాను. ఆపా పెట్టెలోంచి తీసి నాలిక కరుచుకుంది. అది నాది కాదు, అక్కది. అక్క బట్టలన్నీ అప్పుడే ఇచ్చేశాం గాని, ఇదొకటి ఇక్కడ ఉండిపోయిందని ఎవరికీ గుర్తు రాలేదు. ఇద్దరిదీ ఒకటే కొలత కాబట్టి ఆపా పొరపాటున దాన్నే పరిచింది. తిరగేసి చూశాను. ఇక్కడ ఆదికి ఇచ్చేముందే ఎడమ పక్క కుట్టు విప్పి, కాస్త వదులు చేసి, తెల్ల దారంతో చేత్తో మళ్లీ కుట్టుకుంది అక్క. చివర ముడి. మూడు చుట్లు.

సరే, కొలత అక్కడినుంచి వచ్చింది. ముడి ఎలా వస్తుంది? ఆది జాకెట్టులోని దారం కొత్త గుడ్డలోకి నడిచి రాదు కదా.

ఆ సాయంత్రం స్నానం చేస్తూ, గుచ్చుకున్న చోట వేలితో నొక్కి చూశాను. పెసర గింజంత గట్టిగా తగిలింది. నొప్పి లేదు.

ఇక్కడ చెప్పడానికి సిగ్గుపడే మాట ఒకటుంది. నేను కూడా ఎవరికీ చెప్పలేదు. అక్క మీద అంత కోపం తెచ్చుకున్నదాన్ని, పది రోజులు నోరు మూసుకుని తిరిగాను. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. బయటికి చెబితే నిజమైపోతుందని భయం. అక్క ఎలా దాచగలిగిందో అప్పుడు అర్థమైంది.

పదకొండో రోజు పొద్దున ఆపా మా ఇంటికొచ్చింది. సందు దాటి బయటికి రాని మనిషి. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"దవాఖానకు పోయినవా?"

గడ్డ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. "ఎందుకు?" అన్నాను.

"విమలమ్మ కుట్టిప్పుకున్నది అప్పుడే చూసిన బిడ్డా. ఏమైందని అడగలే. నాకెందుకులే అనుకున్న. గిప్పుడు నిన్నడుగుతున్న. పొయ్యి సూపించుకో."

ఆమెను పట్టుకుని ఏడ్చేశాను. ఆ పూటే మా ఆయనకు చెప్పాను. మర్నాడు హైదరాబాద్ బస్సెక్కాం.

అక్కడి దవాఖానలో రొమ్ముకని వేరే ఎక్స్‌రే తీశారు. మామోగ్రామ్ అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదలు. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కిపట్టి తీశారు, తీసింది ఆడమనిషే. కాస్త నొప్పి, కాసేపటి పని. ఇంత మాత్రానికా అక్క ప్రాణం మీదికి తెచ్చుకుంది అనుకున్నాను. డాక్టరు ఫిల్మును లైటు ముందు పెట్టి తెల్ల చుక్కను చూపించాడు. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సరేనని తేలింది. కాని ఇంకా పాకలేదు. ఆపరేషన్ చేసి ఎడమ రొమ్ము తీసేశారు. బతికాను.

నన్ను హెచ్చరించడానికి ఆపాయే ఆ ముడులు వేసిందని కొన్నాళ్లు అనుకున్నాను. కాని నాకు గడ్డ ఉందని, అదీ ఆ చోటే ఉందని ఆమెకెలా తెలుస్తుంది? కొలతకు కూడా నన్ను ముట్టుకోలేదు. పోనీ నేనే ఒళ్లు తెలియకుండా వేశానా అంటే, మిషన్ కుట్టు తెగకుండా లోపలికి ఎలా పోతుంది? ఎటునుంచి ఆలోచించినా ఎక్కడో ఒకచోట పొసగదు. ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

ఇంటికి పంపే రోజు డాక్టరు కాగితాలు ముందేసుకుని అడిగాడు. "ఇంత చిన్నగున్నప్పుడే ఎట్ల తెలిసిందమ్మా మీకు? మా దగ్గరికి అందరూ ముదిరినాక వస్తరు."

చెబుదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఆయన రోగి తానే గుర్తించింది అని రాసుకుని, కింద సంతకం పెట్టమన్నాడు. పిల్లలు తెలియనిది తెలిసినట్టు రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని నేను. ఆ వాక్యం తప్పో ఒప్పో తెలియకుండానే సంతకం పెట్టేశాను.