రేడియో మామ పెట్టుకున్న దరఖాస్తు

ఒక మనిషి మరణించినప్పుడు ఆ సంగతి ఎదుటి కార్యాలయానికి చేరవలసిన పద్ధతి ఒకటున్నది. మొదట కాగితం రావలెను. కాగితం మీద ముద్ర ఉండవలెను. ముద్ర కింద సంతకం ఉండవలెను. రేడియో మామ విషయంలో ఇవేవీ పాటించబడలేదు. మొన్న ఉదయం టీ తెచ్చిన మనిషి గ్లాసు బల్ల మీద పెడుతూ, "ఎదురు కొట్టు రేడియో సాయిబు పోయాడంటండీ, నిద్దట్లోనే" అన్నాడు. నేను అటవీశాఖ స్టోరు గుమాస్తాను. రశీదు లేకుండా దేనినీ స్వీకరించను. దీనిని స్వీకరించవలసి వచ్చింది.

మాచర్లలో మా స్టోరు కిటికీ మామ మరమ్మతు దుకాణానికి ఎదురుగా ఉంటుంది. ఎత్తిపోతల వైపు అడవిలో చెట్లు నరికే దొంగలను చీకట్లో చూడటానికి మాకు పైనుంచి ఒక దుర్భిణి వచ్చింది. రిజిస్టరులో అది 'బ్యాటరీలతో సహా' అని నమోదయింది. బ్యాటరీలు బయటికి తీస్తే వస్తువు తక్కువైనట్టే. అందుచేత వానాకాలమంతా వాటిని లోపలే భద్రపరిచాను. అవి రసం కారి, దుర్భిణిలో తమను పెట్టిన చిన్న గదినే తినేశాయి.

మరమ్మతుకు పట్టుకెళ్తే మామ మూత తీసి చాలాసేపు చూశాడు.

"ఏంది బాబూ ఇది? పని లేని బ్యాటరీని ఇంట్లో ఉంచగూడదు. ఉన్న ఇంటినే తింటది."

"రూలు మామా."

"చానా ఆకలిగా ఉన్నట్టుంది మీ రూలుకి."

మూడు రోజులు దాని ముందే కూర్చున్నాడు. పాడైన గదిని కోసి తీసి, పాత పెన్ టార్చి గొట్టం ముక్కను అమర్చాడు. కొత్త స్ప్రింగు అతికించి, తడి చేరకుండా సైకిలు ట్యూబు రబ్బరు చుట్టాడు. బ్యాటరీ తల ఎటుండాలో మేకుతో గీశాడు. పరీక్ష మాత్రం నన్నే చేయమన్నాడు.

ఆయనకు రేచీకటి. పొద్దు వాలితే ఏమీ కనపడదు. చూపు తగ్గాక, భార్య ఉన్నన్నాళ్లు ఆమె వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లేది. ఆమె పోయాక, దుకాణం నుంచి ఇంటి గడప దాకా చేతికందే ఎత్తులో పాత రేడియో ఏరియల్ తీగ కట్టుకున్నాడు. దీపాలు పెట్టే వేళకు ఆ తీగ పట్టుకుని ఒక్కడే వెళ్లేవాడు.

ఆ సాయంత్రం దుకాణం గుమ్మంలో నిలబడి దుర్భిణి కంటికి పెట్టుకున్నాను.

"ఏం కనపడతంది?"

"మీ సందంతా, ఆకుపచ్చ వెలుగులో. తీగ. ఆ చివర మీ అరుగు."

ఆయన నా వైపు చెయ్యి చాపాడు.

"ఒక్కసారి నాకియ్యి బాబూ. కళ్ళు బాగున్నప్పుడు ఈ యాళకి ఆమె ఆ అరుగు మీద కూచోనుంటే చూసుకుంటా పొయ్యేవాణ్ణి."

సిబ్బంది కానివారు ఆ పరికరంలోంచి చూడరాదు. దాని గదిని కట్టినవారికి కూడా మినహాయింపు లేదు. "దరఖాస్తు పెట్టు మామా, పైకి పంపుతాను" అన్నాను.

"చూట్టానికీ కాగితమేనా" అని నవ్వి, మర్నాడు పొద్దున్నే తెచ్చి ఇచ్చాడు.

దరఖాస్తుదారు హోదా ఏమిటని పైనుంచి ప్రశ్న వచ్చింది. పొరుగువాడు అని రాశాను. ఆ హోదా జాబితాలో లేదన్నారు. మళ్లీ రాశాను. ఏడాది పాటు ఆయన ఇంటికి బయలుదేరేటప్పుడు తీగ మీద చెయ్యి ఆనించి, నా కిటికీ వైపు ముఖం తిప్పి, "వచ్చిందా బాబూ?" అనేవాడు. "రాలేదు మామా" అనేవాణ్ణి. దుర్భిణి నా వెనక బీరువాలో ఉండేది. తాళంచెవి నా జేబులో ఉండేది.

నిన్న పొద్దుగూకాక కిటికీలోంచి దానితో చూశాను. అరుగు ఉంది. తీగ ఉంది, గాలికి కొంచెం ఊగుతోంది.

కావున ఈ స్టోరుకు ఇందుమూలముగా ఒక నియమము చేయడమైనది. ప్రతిదినము దీపాలు పెట్టే వేళకు దుర్భిణిని బీరువా నుంచి తీసి, గీత చూసి బ్యాటరీలు వేసి, కిటికీలో ఆ సందు వైపు తిప్పి పావుగంట ఉంచవలెను. ఆ సమయములో దాని వెనక సిబ్బంది ఎవరూ నిలబడరాదు. ఆ చోటు దరఖాస్తుదారునకు కేటాయించడమైనది. హోదా అడగరాదు. ఇదే తుది ఉత్తర్వు.