చిక్కిపోయే అక్షరాలు

మా చెల్లెలి మొగుడు, అంటే మా బావ, కొట్లకి బోర్డులు రాసేవాడు. ఎవరు కొత్తగా కొట్టు పెట్టినా ముందు తాళం కొనుక్కుని, తర్వాత ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన అక్షరాలు ఎంత లావంటే, ఒక బట్టల కొట్టు బోర్డులో మొదటి అక్షరం నీడలో ఇద్దరు కుర్చీలు వేసుకుని మధ్యాహ్నమంతా పేకాడుకునేవారు. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేనే కాబట్టి ఇందులో అబద్ధం లేదు.

అలాంటి అక్షరాలు ఒక ఏడు చిక్కిపోవడం మొదలుపెట్టాయి. బోర్డు ఎడమవైపు దున్నపోతులా మొదలైన మాట కుడివైపుకి వచ్చేసరికి మేకపిల్ల అయ్యేది. రంగు పొదుపు చేస్తున్నాడేమోనని మా చెల్లెలు సంతోషించింది. ఒక కళ్ల డాక్టరు బోర్డయితే పై వరసలో బండరాళ్లతో మొదలై, అడుగు వరసలో నువ్వుగింజలకి దిగింది. ఆ డాక్టరు దాన్ని చూసి బావని భుజం తట్టి మెచ్చుకున్నాడు. అడుగు వరస చదవలేనివాళ్లంతా కంగారుపడి సరాసరి లోపలికి వస్తున్నారట.

తర్వాత బోర్డు రాయించుకున్నది ఒక నరాల డాక్టరమ్మ. ఆవిడ మెచ్చుకోలేదు. బోర్డు వంక చూసి, బావ వంక చూసి, వీధి చివరిదాకా నడిచి రమ్మంది. బావ విసుక్కుంటూ నడిచాడు. కుడిచెయ్యి ఊగకుండా పక్కకి అంటుకుపోయింది. లోపలికి పిలిచి, పరీక్షలన్నీ చేసి, పార్కిన్సన్స్ జబ్బని తేల్చింది. వణుకు కన్నా ముందే రాత కుంచించుకుపోవడం కొందరిలో ఉంటుందని చెప్పి మాత్రలు రాసింది.

ఇంట్లో యుద్ధం మొదలైంది. ఇక కుంచె ముట్టుకోవద్దని చెల్లెలు. కుంచె లేకపోతే రోజంతా నీ మొహం చూస్తూ కూర్చోవాలా అని బావ.

అప్పుడే డాక్టరమ్మ వాళ్లు ఒక పరిశోధన చేస్తున్నారు. వెన్నులోంచి కాస్త నీరు తీసి, అందులోని ప్రొటీన్లు కొలిచి, ఈ జబ్బు ఎవరిలో త్వరగా ముదురుతుందో ముందే పసిగట్టవచ్చా అని చూడడం. బావ చేరతానన్నాడు. ఏ ఒక్కరికీ విడిగా జోస్యం చెప్పలేమని ఆవిడ మొదటిరోజే చెప్పింది. ఆలుమగలిద్దరూ మర్యాదకి తలూపి, ఇంటికి వచ్చే దారిలోనే ఒప్పందం చేసుకున్నారు. త్వరగా ముదురుతుందని నీళ్లు చెబితే బావ కుంచె కట్టిపెట్టాలి. నిదానంగా అని చెబితే చెల్లెలు నోరు కట్టిపెట్టాలి. తేలేదాకా కొత్త పని ఒప్పుకోకూడదు.

ఆస్పత్రి మంచం మీద బావ రొయ్యలా ముడుచుకుని పడుకుంటే నడుం దగ్గర సూది గుచ్చి నీరు తీశారు. ఆ సీసా చూపిస్తేగాని లేవనని భీష్మించాడట. తర్వాత తలనొప్పితో పడుకుని నాతో దిగులుగా అన్నాడు, "నా జాతకమంతా దాంట్లోనే ఉందంట బావా. చుక్క రంగు కూడా లేదు."

ఏడాది తర్వాత మళ్లీ తీశారు. లెక్కలు తేలాయని కబురు రాగానే ముగ్గురం వెళ్లాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డాక్టరమ్మ ఏవో గీతలు చూపించి, అందరినీ కలిపి చూస్తే కొంత తేడా కనిపిస్తోందంది.

"మరి ఈయన సంగతి?" అంది చెల్లెలు.

"ఈయన ఒక్కరి సంగతి ఇది చెప్పదమ్మా. మొదటిరోజే చెప్పాను."

"చెప్పారు. మేం వినలేదు."

ఏడాదిగా బావ ఏ బోర్డూ రాయలేదు. డాక్టరమ్మ కాగితం, పెన్ను ఇచ్చి ఒక వాక్యం రాయమంది. మొదటి మాట బాగానే ఉంది. రెండోది నలిగింది. మూడోదానికి చెల్లెలు తట్టుకోలేకపోయింది.

"పెద్దగా రాయండి. చీమలకేమన్నా ఉత్తరమా?"

తర్వాతి అక్షరం పెద్దగా వచ్చింది. మళ్లీ చిక్కింది. మళ్లీ కసిరింది. మళ్లీ పెరిగింది. డాక్టరమ్మ ముందుకి వంగి చూసింది. ఇలా పక్కనుంచి గుర్తు చేస్తే కొందరికి పనిచేస్తుందని, ఇంట్లోనూ చేసి చూడమని అంది.

"అంటే ఈవిణ్ణి మందులా వాడాలా?" అన్నాడు బావ.

"వాడండి."

"తినకముందా, తిన్నాకా?"

ఒప్పందం గాలికొదిలేశారు. నిచ్చెన పోయింది, కుంచె ఉండిపోయింది. ఇప్పుడు బావ బోర్డుని నేలమీద పెట్టుకుని రాస్తాడు. చెల్లెలు వెనక పీట మీద కూర్చుని "పెద్దది" అంటుంది. జబ్బు ఊరుకోలేదు. మొదట్లో మాటకొకసారి అంటే సరిపోయేది, ఈమధ్య ప్రతి అక్షరానికీ అనాల్సి వస్తోంది. ఆవిడకి విసుగు రాలేదు. పెళ్లైననాటి నుంచి చేస్తున్న పనే కదా.

మొన్న చెప్పుల కొట్టు బోర్డు రాస్తుంటే ఆవిడ ఉత్సాహం కాస్త ఎక్కువైంది. కొట్టాయన వచ్చి చూసి, చివరి అక్షరం సగమే ఉందేమిటన్నాడు.

"మిగతా సగం కావాలంటే ఇంకా పెద్ద బోర్డు తెచ్చుకో అన్నయ్యా," అంది చెల్లెలు.

ఆయన ఉన్న బోర్డుని జానలతో కొలుచుకుని, పెద్ద బోర్డు తేవడానికి వెళ్లాడు. బావ కొత్త రంగు డబ్బా మూత తీశాడు.