ఎడమకి తిరగని యాంటెన్నా

ఉదయం పదింటికి మా డాబా మీద, ఎవరూ ముట్టుకోకుండా, యాంటెన్నా తనంతట తాను తిరిగింది. దక్షిణాన నీళ్ళట్యాంకు పక్కన మొదలై, గోరింటాకు పండినంత నెమ్మదిగా, పడమటి కొబ్బరిచెట్ల మీదికి జరుగుతోంది. నా చేతిలోని రేడియోలో గరగరల మధ్య కొలంబో నుంచి ఒకాయన నా కాల్‌సైన్, అంటే రేడియోలో నా గుర్తు పేరు, పలికాడు. జవాబుగా నా ఊరు చెప్పాలి. నేను "ఆయ్, చెప్పండి" అన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆకాశంలో ఉపగ్రహం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మా డాబా మీద దిగింది.

నేనూ, ఆ యంత్రం చేసిన మేస్త్రీ, ఇద్దరం అరవై దాటినవాళ్ళం, చేతులు పట్టుకుని గెంతాం. ఎవరు పడ్డారని మా ఆవిడ కిందనుంచి అడిగింది.

ముప్పై ఏళ్ళు పేపర్లో పనిచేసి రిటైరయ్యాక నేను, సరదాకి దూరదేశాలవాళ్ళతో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు తీసుకున్నాను. ఉపగ్రహం ఒక దిక్కున లేచి మరో దిక్కున దిగడానికి పది నిమిషాలు పడుతుంది. అంతసేపూ యాంటెన్నాని దానివైపే చూపిస్తూ ఉండాలి. నేను చేత్తోనే చూపించేవాణ్ణి. నిరుడు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకెత్తొద్దన్నారు డాక్టరుగారు. తిప్పే యంత్రం కొనాలంటే స్కూటరంత ఖరీదు. అది లేకపోతే నా ఆట కట్టినట్టే. యాంటెన్నా పుల్లలు బీరపాదుకి సరిపోతాయా లేదా అని మా ఆవిడ అప్పటికే కొలిచి చూసుకుంది.

మేస్త్రీ మా వీధివాడే. జాతరలకి లైటింగ్ సెట్లు కడతాడు. పెద్దాపురం మరిడమ్మ జాతరలో పురి విప్పే నెమలి, తిరిగే దీపాల చక్రం ఆయన చేతివే. సంగతి చెప్పాను.

"ఎక్కడుందో మీరు చెప్పండి పేపరుగారూ, తిప్పడం నా పని" అన్నాడు.

పాత కారు వైపర్ మోటారు, సౌండుబాక్సులు పెట్టే మడత స్టాండు, అగ్గిపెట్టెంత సర్క్యూట్ బోర్డు తెచ్చాడు. ఉపగ్రహం ఎటుందో ఫోను బోర్డుకి చెబుతుంది, బోర్డు మోటారుకి చెబుతుంది. పైకీ కిందికీ వంచే రెండో మోటారు మానేసి, యాంటెన్నాని కాస్త పైకి వాల్చి బిగించాం. మడిస్తే అంతా బండి మీద ముందు, కాళ్ళ దగ్గర పట్టేస్తుంది.

గెంతిన మర్నాడు ఉపగ్రహం దక్షిణాన్నే లేచింది గానీ తూర్పు మీదుగా పోయింది. యాంటెన్నా దక్షిణానికి మొహం పెట్టి నిలబడింది. పది నిమిషాలూ కదల్లేదు. మేస్త్రీని పిలిచి ఫోనులో దాని దారి చూపించాను. ఆయన తల గోక్కుని అసలు సంగతి చెప్పాడు. షాపులో పరీక్షించేటప్పుడు ఒకసారి మోటారు ఎడమకి తిరిగిందట. అమ్మవారి ముందు ఆయన చక్రం ఏదీ ఏనాడూ అప్రదక్షిణంగా తిరగలేదు. వైర్లు తారుమారయ్యాయనుకుని, కరెంటు ఒకవైపే పోయేలా డయోడ్ వేసి, వానకి తడవకుండా బోర్డు పెట్టిన డబ్బాని జిగురు పోసి మూసేశాడు.

"ఉపగ్రహం గుడి చుట్టూ తిరగదండీ" అన్నాను.

"మరి పైకి పంపినవాళ్ళు దానికి పద్ధతి చెప్పలేదాండీ?" అన్నాడు.

భుజం కలుక్కుమనేదాకా నవ్వాను. మీ ఇద్దర్లో లైసెన్సు పరీక్ష రాసిందెవరని మా ఆవిడ అడిగింది. ఎన్నో వేల వార్తలు దిద్దినవాణ్ణి, నా డబ్బా మూసేముందు ఒక్కసారి చూసుకోలేదు.

కొత్త డబ్బా చేయమంటే మేస్త్రీ చెవులు పట్టుకున్నాడు. "ఎడమకి తిరిగేది నా చేత్తో కలపలేనండీ. ఏ వైరు ఎక్కడో చూపిస్తా, మీరే అతుకు పెట్టుకోండి" అన్నాడు. స్టూలు వేసుకుని పక్కన కూర్చుని, నా టంకం పని చూసి తెగ నవ్వుతాడు.

దక్షిణాన లేచి పడమటి దారిన పోయేవాటితో మాట్లాడుతూనే ఉన్నాను. ఇప్పటికి రెండు బోర్డులు మాడ్చాను. తూర్పు మీదుగా ఉత్తరానికి పోయే ఉపగ్రహంతో మాత్రం, భుజం పట్టేసిన దగ్గర్నుంచి, ఒక్క మాటా మాట్లాడలేదు.