దలా వీధిలో తెరుచుకోని తలుపు

నేను ఆ ఉద్యోగంలో ఎందుకు చేరానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మనుషులతో మాట్లాడే పని ఉండదని ఎవరో అంటే విని, బర్మాలో యాంగోన్ ప్రాంతీయ ప్రభుత్వ ప్రణాళికా విభాగంలో చేరాను. రెండేళ్ల కిందట, వానాకాలం మొదట్లో, కాంట్రాక్టు మీద సహాయకురాలిగా తీసుకున్నారు. చేరిన వారానికే వృద్ధుల సేవల సర్వే అని నది అవతల దలాకు పంపారు. ఆ కాంట్రాక్టు ఇప్పుడు ముగిసింది.

ప్రణాళికకు ముందు అవసరాల అంచనా వేస్తారు. ఒంటరిగా ఉండే ప్రతి వృద్ధుణ్ణీ "రోజూ మిమ్మల్ని చూసుకునేది ఎవరు?" అని అడగాలి. ఎవరూ లేరంటే మొదటి శ్రేణి. ఆ శ్రేణి వాళ్ళను నగరానికి ఉత్తరాన మింగళాడోన్ వైపు కట్టిన వృద్ధాశ్రమానికి తరలించాలని ముసాయిదా. తుది సంతకం మా విభాగాధికారి దో తిన్‌ది. పెద్దావిడ కనుక పేరు ముందు గౌరవంగా 'దో' చేర్చి పిలుస్తాం; వయసులో చిన్న ఆడవాళ్ళకైతే 'మ'.

నాకు తెలుగు వచ్చని, తెలుగావిడైన సింహాచలమ్మ మామ్మ ఇంటికి నన్నే పంపారు. సేక్కాన్ రేవులో పనిచేసిన భర్త పోయాక ఆమె ఒక్కతే ఉంటోంది.

"ఎవులూ నేరమ్మా, రాసుకో," అంది.

రాసుకుని, ఆశ్రమం సంగతి చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. "నానెక్కడికీ ఎల్లను. ఈ గుమ్మంలోంచే పోతాను," అంది.

నిబంధన ప్రకారం రెండోసారి వెళ్ళి నిర్ధారించుకోవాలి. మధ్యాహ్నం వాన పట్టుకుంటుందని మొదటి పడవకే వెళ్ళాను. బౌద్ధ భిక్షువులు పొద్దుటి భిక్షకు వరసగా వీధిలోకి వస్తున్నారు. ప్రతి గుమ్మంలో ఒక ముసలి మనిషి వేడి అన్నంతో నిలబడి ఉన్నారు. హిందువే అయినా మామ్మ కూడా గిన్నె పట్టుకుని నిలబడింది. ఎవరూ మాట్లాడటం లేదు.

ఎదురింటి తలుపు ఒక్కటే మూసి ఉంది. ముందు నడుస్తున్న పెద్ద భిక్షువు అక్కడ ఆగారు. వెనక వరసంతా ఆగింది. ఆయన తలుపు తట్టలేదు, ఎవరినీ పిలవలేదు. ఆ వీధిలోనే టీ కొట్టు నడిపే మ సాన్ పొయ్యి వదిలి వచ్చింది. మామ్మ గిన్నె గుమ్మంలో దించి వీధి దాటింది. ఇద్దరూ లోపలికి వెళ్ళి, జ్వరంతో లేవలేకపోతున్న ముసలాయన్ని పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి అప్పటికే సైకిల్ రిక్షా వచ్చి నిలబడింది. భిక్షువుల వరస మళ్ళీ కదిలింది.

మా ఆఫీసు కొత్తగా ఏర్పాటు చెయ్యాలని తంటాలు పడుతున్న సేవంతా, ఒక్క ఆదేశం లేకుండా, నా ఎదుట నడిచి వెళ్ళిపోయింది.

"ఎవరూ లేరన్నావు కదా మామ్మా?"

"మరేటి సెప్పమంటావు? మ సాన్ పేరు సెప్తే రేపు మీ ఆపీసోల్లు దాని నెత్తి మీద కూకుంటారు. నాకు ఆనాదే కాదేటి?"

మన బరువు ఇంకొకరి మీద పడుతుందేమోననే మొహమాటాన్ని బర్మీయులు ఆనాదే అంటారు. దలాలో మేము అడిగిన వాళ్ళంతా ఆ మొహమాటంతోనే జవాబు చెప్పారన్నమాట.

సమీక్షలో దో తిన్ తరలించాల్సిన పేర్లు చదువుతుంటే లేచి నిలబడ్డాను. చూసింది చూసినట్టు చెప్పాను.

"మ లలితా, వాళ్ళు నిలబడింది పుణ్యానికా, కాపలాకా?" అని దో తిన్ అడిగారు.

రెండింటికీ అన్నాను. కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు తనే దలాకు మొదటి పడవెక్కారు.

తర్వాత ప్రశ్న మారింది: "పొద్దున మీ తలుపు తెరుచుకోకపోతే ముందు ఎవరికి తెలుస్తుంది?" దలాలో మళ్ళీ సర్వే జరిగింది. మామ్మను తరలించనక్కర్లేదని తేలింది. ఆ వీధికి కొత్తగా ఇచ్చిందల్లా, మ సాన్ ఫోన్ చేస్తే వచ్చే ఒక నర్సు.

ఒక చోట సేవ మొదలుపెట్టే ముందు, అక్కడ అప్పటికే ఏం జరుగుతోందో అది జరిగే వేళకు వెళ్ళి చూడాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే.

కబురు చెప్పడానికి వెళితే మామ్మ అంతా వింది. ఆ తర్వాత నేను దలా వెళ్ళలేదు కనుక, ఆమె నాతో అన్న చివరి మాట ఇదే.

"మంచిదే గానమ్మా, మరి ఆ ఆశ్రమంలో ఉన్నోల్లు పొద్దున్నే లెగిసి ఎవులి తలుపు సూస్తారు?"