పెట్టెకి బొట్టు పెట్టిన శుక్రవారాలు

దేవుడికి దణ్ణం పెడితే ఒకరికి నష్టం జరుగుతుందని నాకు తెలియని రోజులవి. భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసులో ఊడ్చి, తుడిచి, టీలు పెట్టేదాన్ని. ఏ చెరువు నీళ్ళు ఎలా ఉన్నాయో ఇక్కడి కంప్యూటర్‌లో రాస్తే, దాని నకలు ఆ క్షణమే తణుకు బ్రాంచి కంప్యూటర్‌లోకి వెళ్ళిపోవాలి. అది చూసుకునే అక్కడి రైతులు చెరువులో మందు వేసేవారు. ఆ నకలేమో ఉన్నట్టుండి ఆగేది, మళ్ళీ తనంతట తనే వెళ్ళేది. ఆ పని చూసే ఆయన్ని అందరూ సిస్టమ్ గారు అనేవారు (చాలాకాలం అది ఆయన ఇంటిపేరనుకున్నాను).

పాపం, ఆయన వెతకని చోటు లేదు. ఫోన్ కంపెనీవాళ్ళతో పోట్లాడారు, బస్సెక్కి తణుకు వెళ్ళొచ్చారు. వైర్లన్నీ పీకి మళ్ళీ గుచ్చితే బాగయ్యేది; దేనివల్ల బాగైందో ఆయనకే తెలిసేది కాదు. వారం తిరక్కుండా మళ్ళీ మొదలు. ఒకరోజు ఓనరు గారు అందరి ముందూ అనేశారు. “పాత రిపోర్టు చూసి మందేసి తణుకులో ఒకాయన రొయ్యంతా పోయిందయ్యా. ఇంకొక్కసారి ఆగిందంటే నువ్వు రానక్కర్లేదు.” ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. ఆ రోజు నేనిచ్చిన టీ అలాగే చల్లారిపోయింది.

నాకు చేతనైంది నేను చేశాను. ప్రతి శుక్రవారం లైట్లు మిణుకుమనే ఆ వైర్ల పెట్టెని పైకెత్తి, కింద తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. (ఆ బొట్టు ఆయన రోజూ చూస్తూనే ఉండేవారు, నేను పెట్టె ఎత్తడమే చూడలేదు.) ఆ వారం ఆయన ఉద్యోగం కోసం బంతిపూల దండ కూడా వేశాను. “తల్లీ, ఈయన్ని కాపాడు” అని కళ్ళు తెరిచేసరికి పక్కన సిస్టమ్ గారు, చేతిలో నకలు ఆగిన తారీఖులు రాసుకున్న నోటుబుక్కు.

“అమ్మాయ్, ప్రతి శుక్రవారం ఇలా ఎత్తుతావా?”

“అవునండి. ఒక్క వారం కూడా మానలేదండి.” (ఎంత గర్వంగా చెప్పానో!)

ఆయన పెట్టె వెనక్కి వంగారు. క్లిప్పు విరిగిన వైరొకటి, నేను ఎత్తినప్పుడల్లా కొంచెం జారి ఊగుతూ ఉండేదట. “బొట్టు చక్కగా పెట్టావమ్మా” అని నవ్వారు. లోపల ఫోను మోగుతూనే ఉంది, నకలు మళ్ళీ ఆగిందని తణుకు నుంచి.

ఓనరు గారు అడిగితే “వైరు పాతదండి, నేను ముందే చూడాల్సింది” అన్నారే గానీ నా పేరెత్తలేదు. “వైరు చూడ్డానికి మూడు నెలలా?” అన్నారు ఓనరు గారు. నేను గుమ్మం దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డాను. ‘నేనండీ’ అనకుండా ట్రేలో కప్పులు సర్దాను. మధ్యాహ్నానికే సిస్టమ్ గారు క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ కొత్త వైరు బిగించి మరీ వెళ్ళారు.

ఇప్పుడు మా ఇంట్లోనూ అలాంటి పెట్టె ఉంది. “అన్నిటికీ బొట్టు పెడతావు, దీనికి పెట్టవేంటమ్మా?” అంటుంది మా అమ్మాయి. “అది పనిచేస్తోంది కదే, చెయ్యనీ” అని నవ్వేస్తాను. ట్రే పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లకి మాత్రం ఒక మాట చెప్పాలనిపిస్తుంది: దణ్ణం తర్వాత పెట్టుకోవచ్చు, ముందు నోరు తెరువు తల్లీ.