మామగారి కళ్ళజోడుతో మా ఆయన డ్రైవింగు

మా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. ఆయన్ని ఎవరైనా పిసినారి అంటే నేను ఊరుకోను. అడిగినవాళ్ళకి లేదనే మనిషి కాదు. తనకోసం మాత్రం ఏదీ కొననివ్వడు. అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికిస్తాడు. టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తిరించి మరీ లోపల గీకుతాడు. పక్కగదిలో ఎవరూ లేకుండా లైటు వెలుగుతుంటే ఆయనకి ముద్ద దిగదు.

ఇదంతా వాళ్ళింటి పెంపకం. మామగారు పనిచేసే మిల్లు మూతపడ్డాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగిన పూటలకన్నా వెలగని పూటలే ఎక్కువట. ఆ రోజుల్లోనే మామగారు కడుపు మాడ్చుకుని ఓ కళ్ళజోడు కొనుక్కున్నారు. ఆయన పోయేనాటికి మా ఆయనకి చూపు మసకేస్తోంది. ఇంకేం, ఆ జోడు తీసి తన ముక్కుమీద పెట్టుకున్నాడు.

"గాజు చెడిపోతుందా ఏంటే? ఇంత మంచి వస్తువు పారేస్తామా?" అన్నాడు.

అప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. సాయంత్రమయ్యేసరికి తలనొప్పంటూ కణతలు నొక్కుకునేవాడు. మొన్న వ్యానుని గేటు స్తంభానికి రాసేశాడు. స్తంభం కాబట్టి సరిపోయింది, అక్కడ మనిషుంటే? బండినిండా ఊళ్ళోవాళ్ళ పిల్లలాయె! పోరి పోరి కళ్ళడాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

డాక్టరమ్మ ఆ జోడుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదెవరిదండీ?"

"మా నాన్నగారిది."

"మరి ఆయన పళ్ళసెట్టేం చేశారు?"

"అది ఆయనతోనే పోయిందండీ," అన్నాడు మా ఆయన, నిజంగానే బాధపడుతూ.

ఆవిడ నవ్వాపుకుని, "ఇది పేపరు చదువుకునే జోడు బాబూ. దీంతో బండి నడిపితే ఎవర్నో ఒకర్ని గుద్దేస్తారు," అంది.

కొత్తది చేయించాం. హమ్మయ్య అనుకున్నాను. వారం తిరక్కుండానే బట్టల కోసం బీరువా తీస్తే ఏముంది, కొత్త జోడు పెట్టెలో భద్రంగా పడుకుని ఉంది! ఆయన రాగానే నిలదీశాను.

"రోజూ పెట్టుకుంటే పాడైపోదూ? ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు పెట్టుకుందామని."

"మరి మీరు రోజూ వెళ్ళేదెక్కడికండీ?"

ఆయన ఆ కొత్త జోడుని మళ్ళీ పెట్టెలో పెట్టి బీరువా మూసేశాడు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే పాత జోడు నా సంచిలో వేసుకుని పనికి వెళ్ళిపోయాను. విరగ్గొట్టేద్దామంటే చేతులు రాలేదు. నేనూ అలాంటి కొంపలోనే పుట్టాను మరి.

నేను చొక్కాలకి గుండీలు కుట్టే చోట పనిచేస్తాను. ఆ పూట సూదిలోకి దారం ఎక్కితే ఒట్టు. కొత్తది పెట్టుకున్నాడా? పంతానికి పోయి ఉత్త కళ్ళతోనే బయల్దేరాడా? ఫోన్ చేద్దామంటే బండిమీద ఉంటాడు.

"ఏంటక్కా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు? కూర్చో," అంది పక్కమిషన్ పిల్ల.

"కూర్చోలేనే," అని చెప్పులేసుకుని పరుగెత్తాను. స్కూలు రెండు వీధుల అవతలే.

ఒక్కో వ్యానూ వస్తోంది. మాది లేదు. నా ప్రాణం నా దగ్గర లేదు. చివరికి వీధి మూలమీద మా వ్యాను కనబడింది. మెల్లిగా వచ్చి గేటు ముందు ఆగింది. పిల్లలు బిలబిలా దిగారు. అప్పుడు చూశాను ఆయన ముఖం. కొత్త జోడే! కానీ ఒక అద్దం మీద కొట్టువాళ్ళ కాగితం అలాగే అంటుకుని ఉంది.

"అదేంటండీ అది?"

"ఉండనీవే! పీకితే గీతలు పడతాయి."

కిటికీలోంచి చెయ్యిపెట్టి ఆ కాగితం పీకి పారేశాను.

"రేపు కూడా ఇలాగే వచ్చి కాపలా కాస్తావా?" అన్నాడు ఉక్రోషంగా.

"రోజూ కాస్తాను," అన్నాను.